రుమటాలజీ ఫెలోషిప్ తర్వాత కె23: జె-1 వీసా మీద కుదురుతుందా?

ఫెలో_రెండోఏడు:
అమెరికాలో పెద్దల రుమటాలజీ (కీళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బుల వైద్యం) ఫెలోషిప్ రెండేళ్లే. అందులో మొదటి ఏడాదంతా క్లినిక్కే తినేస్తుంది. రీసెర్చ్‌లో ఉండాలనుకునేవాళ్లు ఎన్‌ఐహెచ్ కె23కి (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ డాక్టర్లకిచ్చే పరిశోధన కెరీర్ గ్రాంటు) ఎప్పుడు అప్లై చేయాలి? అంశం లూపస్ నెఫ్రైటిస్ (లూపస్ వల్ల కిడ్నీల్లో వచ్చే మంట), మూత్రంలో బయోమార్కర్లు (జబ్బు సూచికలు). వీసా జె-1. మొదటిసారి రాకపోతే మధ్యలో జీతం ఎక్కణ్ణించి వస్తుంది? ఇండియాకి తిరిగి వెళ్తే ఇలాంటిది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

బేస్‌లైన్_క్రియాటినిన్:
ముందు తారీఖులు చూద్దామండి. కొత్త కె దరఖాస్తులకి మామూలు గడువులు ఫిబ్రవరి 12, జూన్ 12, అక్టోబరు 12. రెండో ఏడు అక్టోబరులో వేస్తే స్టడీ సెక్షన్ (దరఖాస్తులకి మార్కులేసే నిపుణుల కమిటీ) ఫిబ్రవరి, మార్చిల్లో కూర్చుంటుంది, ఆ పై మెట్టు కౌన్సిల్ మే నెలలో. అన్నీ కలిసొస్తే డబ్బు జూలైలో మొదలవుతుంది, అంటే ఫెలోషిప్ అయిపోయిన మర్నాడే. కాగితం మీద బాగుంటుంది. కానీ చాలామందికి మొదటిసారి రాదు. మళ్లీ వేసే గడువు జూలై 12, అది వచ్చినా మొదలయ్యేది ఏప్రిల్‌లో. ఈ తొమ్మిది నెలల గుంతలోనే మంచి మంచి ఫెలోలు ప్రైవేటు ప్రాక్టీసుకి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు వెనక్కి రావడం అరుదు. గ్రాంటు కెరీర్‌ని మలుస్తుందంటే ఎక్కువగా ఇక్కడే.

గుంత పూడ్చడానికి అక్కడివాళ్లు వాడేవి రెండు. ఒకటి డిపార్ట్‌మెంటు టి32 (సంస్థకిచ్చే ఎన్‌ఐహెచ్ శిక్షణ గ్రాంటు) సీటు మీద మూడో ఏడు. రెండోది రుమటాలజీ రీసెర్చ్ ఫౌండేషన్ గ్రాంట్లు: సైంటిస్ట్ డెవలప్‌మెంట్ అవార్డు, కొద్దిలో కె తప్పిపోయినవాళ్లకి ఇచ్చే బ్రిడ్జ్ నిధులు. ఫౌండేషన్‌వి చిన్న మొత్తాలే. అయినా తర్వాత కె రివ్యూయర్ బయోస్కెచ్ (అభ్యర్థి వివరాల పత్రం) తిప్పేటప్పుడు "ఇంతకుముందు ఎవరో పరీక్షించి డబ్బిచ్చారు" అన్నది కనబడుతుంది. అర్హతలు ప్రకటన ప్రకటనకీ మారుతుంటాయి, వీసా నిబంధన ఉందేమో ముందు అదే చదవండి.

నోటీస్_చదివేవాడు:
పై జవాబులో టి32 మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. దానికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. కె08 (డాక్టర్లకే ఇచ్చే ఇంకో కె గ్రాంటు), కె23లకీ అంతే. అప్లై చేసే రోజుకి లేకపోయినా పర్లేదు, అవార్డు ఇచ్చే రోజుకి మాత్రం చేతిలో ఉండాలి.

జె-1 వాళ్లకి అసలు చిక్కు ఇదొక్కటే కాదండి. శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న జె-1 నిబంధన తప్పించుకోవడానికి చాలామంది కాన్రాడ్ 30 వేవర్ (వైద్యుల కొరత ఉన్నచోట పనిచేసే డాక్టర్లకి రాష్ట్రాల ద్వారా వచ్చే మినహాయింపు) తీసుకుంటారు. దానికి మూడేళ్లు, వారానికి 40 గంటలు రోగుల్ని చూడాలి. కె23కేమో పూర్తి ఉద్యోగంలో కనీసం 75 శాతం పరిశోధనకే పోవాలి. ఒకే మనిషి ఒకే వారంలో ఈ రెండూ చేయలేడు. పైగా ఆ మూడేళ్లు పూర్తయ్యేదాకా గ్రీన్ కార్డు చివరి మెట్టు ఎక్కనివ్వరు.

పౌరసత్వం అడగని ఎన్‌ఐహెచ్ గ్రాంటు కె99/ఆర్00. పోస్ట్‌డాక్ పరిశోధన మొదలైన 4 ఏళ్ల లోపు వేయాలి. కె99 రెండేళ్ల దాకా, ఆర్00 మూడేళ్ల దాకా, రెండో భాగానికి ఫ్యాకల్టీ పోస్టు దొరకాలి. ఇందులోనూ 75 శాతం నియమం ఉంది కాబట్టి వేవర్ ఉద్యోగంతో పొసగదు. అందుకే రీసెర్చ్ మీద నిజంగా ఆశ ఉన్నవాళ్లు రెసిడెన్సీకి ముందే స్టెప్ 3 (అమెరికా డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో చివరిది) పాసై, హెచ్-1బి ఇచ్చే ప్రోగ్రాం వెతుక్కోవడం మేలు. హెచ్-1బికి ఆ రెండేళ్ల నిబంధన లేదు. ఇప్పటికే జె-1 మీద ఉన్నవాళ్లకి ఈ సలహా పనికిరాదనుకోండి, కింద జూనియర్లు చదువుతారని రాశాను.

ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. క్లినికల్ ట్రైనింగ్ ముగిసిన 10 ఏళ్ల దాకానే ఎర్లీ స్టేజ్ ఇన్వెస్టిగేటర్ (కొత్త పరిశోధకుడి) హోదా, మొదటి ఆర్01కి (ఎన్‌ఐహెచ్ స్వతంత్ర పరిశోధన గ్రాంటు) అది పెద్ద ఊతం. వేవర్‌కి 3, కెకి 5 తీసేస్తే మిగిలేవి 2. వాటిల్లోనే గ్రీన్ కార్డు వరసా!

బేస్‌లైన్_క్రియాటినిన్:
జీతం సంగతి ఎవరూ రాయలేదు. కె అవార్డు జీతం మొత్తం ఇవ్వదు, ఒక్కో ఇన్‌స్టిట్యూట్‌కి ఒక్కో పరిమితి. ఉదాహరణకి జీతం 2,00,000 డాలర్లు అనుకోండి. 75 శాతం అంటే 1,50,000. ఇన్‌స్టిట్యూట్ లక్షే ఇస్తే మిగతా 50,000 ఏటా డిపార్ట్‌మెంటు తన జేబులోంచి పెట్టాలి. ఓవర్‌హెడ్ (సంస్థ నిర్వహణ ఖర్చులకిచ్చేది) కూడా కె మీద 8 శాతమే, అంటే యూనివర్సిటీకి గిట్టుబాటు కాని గ్రాంటు. కాబట్టి ఛైర్ రాసే ఉత్తరంలో "మద్దతిస్తాం" అని ఉంటే చాలదు. ఎంత ప్రయోగశాల జాగా, ఎంత స్టాఫ్, వారానికి ఎన్ని క్లినిక్‌లు, గ్రాంటు వచ్చినా రాకపోయినా ఫ్యాకల్టీ పోస్టు ఉంటుందా, ఇవన్నీ అంకెల్లో ఉండాలి. రివ్యూయర్లు ఆ ఉత్తరాన్ని అనుమానంతోనే చదువుతారు.

ఇక దరఖాస్తు. అభ్యర్థి సమాచారం, పరిశోధన వ్యూహం కలిపి 12 పేజీలు, ఎయిమ్స్ (పరిశోధన లక్ష్యాలు) 1 పేజీ. అయిదు అంశాల మీద 1 నుంచి 9 దాకా మార్కులు, తక్కువైతే మంచిది. అయిదింటిలో పరిశోధన ప్రణాళిక ఒక్కటే, మిగతావి అభ్యర్థి, శిక్షణ ప్రణాళిక, మెంటర్లు, సంస్థ. చాలామంది పేజీలన్నీ సైన్స్‌కే పెట్టి, శిక్షణ దగ్గర "స్టాటిస్టిక్స్ కోర్సు చేస్తాను" అని ఒక వాక్యంతో సరిపెడతారు. ఏ నైపుణ్యం లేదు, దాన్ని ఏ కోర్సుతో ఎప్పుడు నేర్చుకుంటారు, అది ఏ ఎయిమ్‌కి పనికొస్తుంది, ఈ మూడూ ఒకే దారానికి కట్టాలి.

లూపస్ నెఫ్రైటిస్‌లో దెబ్బతినేది రోగుల సంఖ్య దగ్గర. సెంటర్‌లో ఏటా 15 బయాప్సీలు జరుగుతుంటే మూడేళ్లలో 120 మందిని చేరుస్తానని రాస్తే అక్కడితో చదవడం ఆపేస్తారు. రెండోది, 2020 డిసెంబరులో బెలిముమాబ్, 2021 జనవరిలో వోక్లోస్పోరిన్ ఆమోదం పొందాక నేపథ్య చికిత్సే మారింది. వోక్లోస్పోరిన్ మూత్రంలో ప్రోటీన్‌ని పోడోసైట్ల (కిడ్నీ వడపోత కణాల) మీద నేరుగా పనిచేసి కూడా తగ్గిస్తుంది, అంటే మంట చల్లారకుండానే ప్రోటీన్ తగ్గి కనబడొచ్చు. బయోమార్కర్‌ని ప్రోటీన్‌తో పోల్చే ఎయిమ్ ఉంటే దీన్ని ఎలా సర్దుతారో ముందే రాయండి. ఎయిమ్ 1 ఫెయిలైతే ఎయిమ్ 2 కూలిపోయేలా కట్టకండి.

బంజారాహిల్స్_దారి:
ఇండియా ప్రశ్నకి. వెనక్కి వస్తే ఆ రెండేళ్ల నిబంధన దానంతటదే తీరుతుంది. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ), బ్రిటన్ సంస్థ వెల్కమ్ ట్రస్ట్ కలిసి 2008 నుంచి నడుపుతున్న, పరిశోధకులకి ఫెలోషిప్‌లిచ్చే ఇండియా అలయన్స్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. 2025 అక్టోబరులో కేంద్ర క్యాబినెట్ మూడో దశకి 1,500 కోట్లు ఆమోదించింది, అందులో 1,000 డీబీటీది, 500 వెల్కమ్‌ది. ఎర్లీ కెరీర్, ఇంటర్మీడియట్ ఫెలోషిప్‌లు రెండూ ఈ దశలో ఉన్నాయి.

ఇక్కడ గొడవ డబ్బు కాదు, ఓపీ. ఆతిథ్య సంస్థ "పరిశోధన సమయం ఇస్తాం" అని సంతకం పెడుతుంది, సోమవారం ఓపీలో మనిషి తక్కువైతే పిలిచేది మిమ్మల్నే. ఓపీ రోజులు ఏవేవో, బదులు ఎవరు చూస్తారో పేరుతో సహా ఉత్తరంలో రాయించుకోండి. అమెరికా మెంటర్‌తో కలిసి చేస్తే, లేదా మూత్రం శాంపిళ్లు అక్కడికి పంపాలంటే, ఐసీఎంఆర్ దగ్గరున్న హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. దానికి పట్టే నెలల్ని టైంలైన్‌లో కలపకపోతే మొదటి ఏడాది ఫ్రీజర్ ఖాళీగానే ఉంటుంది.

ఫెలో_రెండోఏడు:
చాలా థాంక్స్ అండీ. ఒకవేళ వేవర్ ఉద్యోగమే తీసుకుంటే, ఆ మూడేళ్లూ పూర్తిగా పోయినట్టేనా?

నోటీస్_చదివేవాడు:
పూర్తిగా కాదు. ప్రతి రాష్ట్రానికీ ఉండే 30 స్లాట్లలో 10 దాకా వైద్యుల కొరత ప్రాంతం కాని చోట పనిచేసేవాళ్లకి ఇవ్వొచ్చు. షరతు ఏమిటంటే, చూసే రోగులు కొరత ప్రాంతాల వాళ్లై ఉండాలి. యూనివర్సిటీ ఆసుపత్రులు ఎక్కువగా వీటి మీదే ఆధారపడతాయి. అలాంటి చోట చేరితే 40 గంటలు పోగా సాయంత్రాలకి సరిపోయే పని ఎంచుకోండి: ఏసీఆర్ (అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం) వాళ్ల రైజ్ రిజిస్ట్రీ డేటాతో విశ్లేషణ, మల్టీ సెంటర్ ట్రయల్‌లో సబ్ ఇన్వెస్టిగేటర్‌గా సైట్ బాధ్యత. వెట్ ల్యాబ్ జోలికి వెళ్లకండి, రాత్రి తొమ్మిదికి ఎలైజా (ల్యాబ్‌లో శాంపిళ్ల పరీక్ష) మొదలుపెట్టి నెగ్గుకొచ్చేవాళ్లు తక్కువ. సంతకం పెట్టేముందు కాంట్రాక్టులో రోగుల శాంపిళ్లు నిల్వ చేసుకునే హక్కు, ఐఆర్‌బీ (పరిశోధన నైతిక కమిటీ) దరఖాస్తు దాఖలు చేసే హక్కు ఉన్నాయో లేదో చూసుకోండి, చేరాక అడిగితే ఎవరూ ఇవ్వరు.