వాల్‌పేపర్ మార్చడానికి వేరే యాప్ కావాలా, చిన్న స్క్రిప్టు సరిపోదా?

చిలకలపూడి_షెల్
ఉబుంటు 24.04 లినక్స్, గ్నోమ్ డెస్క్‌టాప్, వేలాండ్ (తెర మీద కిటికీలు చూపించే కొత్త పద్ధతి) సెషన్. ఒక ఫోల్డర్లో 400 ఫొటోలున్నాయి, అరగంటకొకటి మారాలి. అంతే పని. దీనికి వెరైటీ లాంటి వాల్‌పేపర్ మేనేజర్ వేసుకోవాలా, నాలుగు లైన్ల బాష్ స్క్రిప్టు చాలా? ఈ మాట ఎక్కడ ఎత్తినా కొట్లాటే తప్ప కారణం చెప్పేవాళ్లు తక్కువ. స్క్రిప్టును టెర్మినల్లో నడిపితే బొమ్మ మారుతోంది, క్రాన్‌లో (చెప్పిన వేళకి కమాండ్లు నడిపే సేవ) పెడితే మారట్లేదు. ఎర్రర్ కూడా లేదు.

టైమర్_మావయ్య
స్క్రిప్టే చాలు. ఇక్కడ తేడా చేసింది క్రాన్, స్క్రిప్టు కాదు.

గ్నోమ్‌లో వాల్‌పేపర్ అంటే డీకాన్ఫ్‌లో (గ్నోమ్ సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఒక కీ. జీసెట్టింగ్స్ అనే కమాండ్ ఆ కీ మార్చాలంటే మీ లాగిన్ సెషన్‌కి చెందిన డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) దొరకాలి. దాని అడ్రసు సాధారణంగా /రన్/యూజర్/1000/బస్ (1000 అన్నది మీ యూజర్ ఐడీ). క్రాన్ మీ పేరు మీదే నడిచినా ఆ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ దానికి అందవు. జీసెట్టింగ్స్ ఒక వార్నింగ్ పడేసి 0 ఎగ్జిట్ కోడ్‌తో బయటికొచ్చేస్తుంది. ఆ వార్నింగేమో, మెషీన్లో మెయిల్ ప్రోగ్రాం ఉంటే క్రాన్ పంపే లోకల్ మెయిల్‌లోకి పోతుంది, దాన్ని తెరిచి చూసేదెవరు? లేకపోతే క్రాన్ దాన్ని పారేస్తుంది.

క్రాన్ మానేసి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సేవల్ని నడిపే భాగం) యూజర్ టైమర్ పెట్టండి. హోమ్‌లోని .కాన్ఫిగ్/సిస్టమ్‌డీ/యూజర్ ఫోల్డర్లో రెండు ఫైళ్లు ఉండాలి. సర్వీస్ ఫైల్లో టైప్=వన్‌షాట్, ఎగ్జెక్‌స్టార్ట్ దగ్గర స్క్రిప్టు పూర్తి పాత్. టైమర్ ఫైల్లో ఆన్‌క్యాలెండర్=*:0/30, కింద ఇన్‌స్టాల్ సెక్షన్లో వాంటెడ్‌బై=టైమర్స్.టార్గెట్. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఎనేబుల్ --నౌ అని, పక్కన టైమర్ పేరు ఇవ్వాలి. చాలామంది ఇక్కడ సర్వీస్ పేరు ఇచ్చేస్తారు, అది ఒక్కసారి నడిచి ఊరుకుంటుంది. డిఫాల్టుగా టైమర్‌కి ఒక నిమిషం వెసులుబాటు ఉంటుంది కాబట్టి 10:30కి మారాల్సింది 10:30 దాటాక కొన్ని సెకన్లకు మారితే కంగారు పడకండి.

బొమ్మల_కొలువు
మావయ్య గారు టైమర్ బాగా చెప్పారు. ఆ నాలుగు లైన్లు ఎన్నాళ్లు నాలుగే ఉంటాయో కూడా చెప్పాల్సింది.

షఫ్ -ఎన్1 (జాబితాలోంచి ఏదో ఒకటి తీసే కమాండ్) తో ఒక ఫైలు తీస్తే, ఇప్పుడున్న బొమ్మే మళ్లీ రావచ్చు. 400 ఉంటే తెలీదు, పండక్కి 5 బొమ్మల ఫోల్డర్ పెట్టుకుంటే అయిదింట ఒకసారి టైమర్ పనిచేయనట్టే కనిపిస్తుంది. సరే, పాత పేరు గుర్తుపెట్టుకునే లైన్ చేర్చారు. నచ్చనిది వచ్చింది, వెంటనే తర్వాతిదానికి పోవాలి: ఒక షార్ట్‌కట్. వెనక్కి రావాలి: హిస్టరీ ఫైలు. దీన్ని ఇంకెప్పుడూ చూపించకు: మినహాయింపుల జాబితా. నెట్ నుంచి దింపే బొమ్మలు డిస్కు నింపకుండా పరిమితి. ఇవన్నీ రాసేసరికి మీ చేతిలో ఉండేది సగం వండిన వెరైటీయే. అసలుదాంట్లో ఇవన్నీ మెనూలో ఉన్నాయి. ఇష్టమైనవాటిని వేరే ఫోల్డర్లో దాచడం, ట్రాష్‌కి పంపడం, కాసేపు ఆపడం అన్నీ ట్రే ఐకాన్ మీదే.

అసలు గ్నోమ్‌లో ట్రే ఐకాన్ కనిపించాలంటే యాప్‌ఇండికేటర్ ఎక్స్‌టెన్షన్ కావాలి. ఉబుంటులో ముందే ఉంటుంది, ఫెడోరాలో మనమే వేసుకోవాలి. "వెరైటీ నడవట్లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇలాంటివే: యాప్ నడుస్తూనే ఉంటుంది, ఐకానే ఉండదు.

అర్ధరాత్రి_డార్క్‌మోడ్
ఇద్దరూ ఒకటి వదిలేశారు. 2022లో వచ్చిన గ్నోమ్ 42 నుంచి వాల్‌పేపర్‌కి రెండు కీలు: పిక్చర్-యూఆర్ఐ, పిక్చర్-యూఆర్ఐ-డార్క్. సెట్టింగ్స్‌లో డార్క్ స్టైల్ ఎంచుకుంటే గ్నోమ్ రెండోదాన్నే చూస్తుంది. పాత గైడ్లు మొదటిదే మార్చమంటాయి. కమాండ్ సక్సెస్, జీసెట్టింగ్స్ గెట్ అడిగితే కొత్త ఫైలు పాత్‌నే చూపిస్తుంది, తెర మీద మాత్రం పాత బొమ్మ. స్క్రిప్టులో రెండు కీలకూ ఒకే విలువ ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది.

ఇంకోటి, అది యూఆర్ఐ కాబట్టి ముందు ఫైల్:// ఉండాలి. పేరులో ఖాళీలు, తెలుగు అక్షరాలు ఉన్నా మామూలుగా సర్దుకుపోతుంది కానీ # గానీ, విడిగా % గానీ ఉంటే ఆ ఫైలు దొరకదు, బొమ్మ బదులు ఉత్త రంగు వస్తుంది. పైథాన్ పాత్‌లిబ్‌లో యాజ్_యూఆర్ఐ వాడితే ఆ ఎన్‌కోడింగ్ అదే చూసుకుంటుంది.

టైమర్_మావయ్య
డార్క్ కీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. వెరైటీ వాళ్లకి కూడా ఇదే వర్తిస్తుంది. అది బొమ్మ మార్చేదీ ఒక బాష్ స్క్రిప్టుతోనే: .కాన్ఫిగ్/వెరైటీ/స్క్రిప్ట్స్ లోపల సెట్_వాల్‌పేపర్ అనే ఫైలు. డెస్క్‌టాప్‌కి ఒక భాగం చొప్పున రాసి ఉంటుంది. దాంట్లో డార్క్ కీ లైన్ ఉందో లేదో గ్రెప్ (ఫైల్లో మాట వెతికే కమాండ్) కొట్టి చూడండి, లేకపోతే మీరే చేర్చండి. యాప్ వేసుకున్నా చివరికి తేలేది నాలుగు లైన్ల దగ్గరే కదా కొలువు గారూ!

లేయర్‌షెల్_లక్ష్మి
మీరంతా గ్నోమ్ లోపల కూర్చుని వాదించుకుంటున్నారు. యాప్, స్క్రిప్టు రెండూ కబురు మోసేవే. ఆ కబురు ఎవరికి చేరాలి, అంటే నేపథ్యాన్ని గీసే ప్రోగ్రాం ఏది అన్నది ముందు తేలాలి. అది తెలియకే సగం కొట్లాటలు.

వేలాండ్‌కి ముందు నుంచీ ఉన్న ఎక్స్11లో రూట్ విండో (మిగతా కిటికీలన్నిటి కిందా ఉండేది) అనేది ఒకటుంది. ఫే, నైట్రోజన్ అనే వాల్‌పేపర్ ప్రోగ్రాములు దాని మీదే బొమ్మ వేస్తాయి. ఐ3, ఓపెన్‌బాక్స్ లాంటి ఉత్త విండో మేనేజర్లలో ఇది చక్కగా పనిచేస్తుంది: ఫే --బీజీ-ఫిల్ అని పాత్ ఇస్తే చాలు, అదే కమాండ్‌ని హోమ్‌లో .ఫేబీజీ ఫైల్లో రాసి పెడుతుంది, లాగిన్‌లో ఆ ఫైలు నడిపిస్తే సరి. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో అదే ఫే నడిపితే, అక్కడ నేపథ్యం గీసే ఎక్స్‌ఎఫ్‌డెస్క్‌టాప్ తన కిటికీని రూట్ మీద పరిచేసి ఉంటుంది కాబట్టి కిందున్న బొమ్మ మన కంటికి కనపడదు.

వేలాండ్‌లో రూట్ విండోయే లేదు. స్వే, హైపర్‌ల్యాండ్ లాంటి కంపోజిటర్లలో (కిటికీలన్నీ కూర్చి తెర మీద చూపే ప్రోగ్రాములు) లేయర్-షెల్ ప్రోటోకాల్ (తెరని పొరలుగా పంచే పద్ధతి) ఉంటుంది, స్వేబీజీ, హైపర్‌పేపర్ అందులోని బ్యాక్‌గ్రౌండ్ పొరలో గీస్తాయి. గ్నోమ్ కంపోజిటర్ మట్టర్ ఆ ప్రోటోకాల్‌ని ఇవ్వదు, అందుకే ప్రశ్న అడిగినవారి మెషీన్లో స్వేబీజీ పనిచేయదు. ఫే, నైట్రోజన్ వేసినా బొమ్మ మారదు.

స్వేలో స్క్రిప్టు రాసేవాళ్లకి ఒక జాగ్రత్త. పాత స్వేబీజీని చంపి కొత్తది మొదలెడితే మధ్యలో తెర ఒక్క క్షణం ఖాళీగా మెరుస్తుంది. వరస తిప్పండి: పాత దాని ప్రాసెస్ ఐడీ దాచుకోండి, కొత్తది మొదలెట్టండి, ఒక సెకను ఆగండి, అప్పుడు పాతదాన్ని చంపండి. టైమర్ నుంచి పిలిచేటట్టయితే వేలాండ్_డిస్‌ప్లే, స్వేసాక్ వేరియబుల్స్‌ని సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ ఇంపోర్ట్-ఎన్విరాన్‌మెంట్‌తో ముందే అందించాలి. ఆ లైన్ స్వే కాన్ఫిగ్‌లో ఉండాలి.

ప్లాస్మా_పంతులు
కేడీఈ డెస్క్‌టాప్ వాళ్లకి ఈ తగువే లేదు. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, వాల్‌పేపర్ టైప్ దగ్గర స్లైడ్‌షో, ఫోల్డర్, వ్యవధి, ర్యాండమ్. మానిటర్‌కి ఒక బొమ్మ కావాలన్నా అక్కడే. కమాండ్ కావాలంటే ప్లాస్మా-అప్లై-వాల్‌పేపర్‌ఇమేజ్ ఉంది, కాకపోతే అది అన్ని మానిటర్లకీ ఒకే బొమ్మ వేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్‌లలో కూడా స్లైడ్‌షో సెట్టింగ్స్‌లోనే ఉంది. గ్నోమ్‌లో ఎక్స్‌ఎంఎల్ స్లైడ్‌షో అయితే ఉంది గానీ, ఒక్కో బొమ్మ ఎన్ని సెకన్లో చేత్తో రాయాలి, ర్యాండమ్ లేదు, సెట్టింగ్స్‌లో తయారుచేసుకునే దారీ లేదు. ఈ వాదన అంతా ఆ లోటు వల్ల పుట్టిందే.

రెండు_తెరలు
ఎక్స్‌ఎఫ్‌సీఈలో స్లైడ్‌షో వద్దు, కమాండే కావాలంటే ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ వాడాలి. ప్రాపర్టీ పేరులో మానిటర్ పేరు కలిసి ఉంటుంది: /బ్యాక్‌డ్రాప్/స్క్రీన్0/మానిటర్‌హెచ్‌డీఎంఐ-1/వర్క్‌స్పేస్0/లాస్ట్-ఇమేజ్ ఇలా. గ్రాఫిక్స్ డ్రైవర్ మారితే హెచ్‌డీఎంఐ-1 కాస్తా హెచ్‌డీఎంఐ-0 అయిపోవచ్చు, అప్పుడు స్క్రిప్టు ఎవరూ చూడని పేరు మీద రాసుకుంటూ పోతుంది. ఊహించి రాయొద్దు. అదే కమాండ్‌ని -సీ ఎక్స్‌ఎఫ్‌సీఈ4-డెస్క్‌టాప్ -ఎమ్ అని నడిపి, మౌస్‌తో ఒకసారి వాల్‌పేపర్ మార్చండి, ఏ ప్రాపర్టీ కదిలిందో టెర్మినల్లో పడుతుంది.

గ్నోమ్‌లో మానిటర్‌కో బొమ్మ సొంతంగా రాదు. పక్కపక్కన రెండు 1920×1080 తెరలుంటే ఇమేజ్‌మ్యాజిక్‌లో (కమాండ్లతో బొమ్మలు మార్చే ప్రోగ్రాం) +అపెండ్‌తో రెండు బొమ్మలూ కలిపి 3840×1080 ఫైలు చేసి, పిక్చర్-ఆప్షన్స్‌ని స్పాన్డ్ చేయాలి.

బొమ్మల_కొలువు
చూశారా, మళ్లీ లైన్లు పెరుగుతున్నాయి.

చిలకలపూడి_షెల్
టైమర్ పెట్టాను, రెండు కీలూ ఇచ్చాను, మారుతోంది. ధన్యవాదాలు. ఫొటోలన్నీ కెమెరావి, 6000×4000. మారిన ప్రతిసారీ ఒక క్షణం తడబడుతోంది. వెరైటీ అయితే తేలిగ్గా ఉంటుందా?

లేయర్‌షెల్_లక్ష్మి
ఉండదు, బొమ్మ అదే కదా. జేపీజీ 8 ఎంబీ ఉన్నా, 3 ఎంబీ ఉన్నా విప్పాక పిక్సెల్‌కి 4 బైట్లు. 6000×4000 అంటే 9.6 కోట్ల బైట్లు, దాదాపు 92 ఎంఐబీ. అదే 1920×1080కి కుదిస్తే 8 ఎంఐబీ లోపే. ఒకసారి కూర్చుని కుదించేయండి. ఇమేజ్‌మ్యాజిక్ 7లో కమాండ్ పేరు మ్యాజిక్; ఉబుంటు 24.04 రిపోజిటరీలో ఉన్నది 6 కాబట్టి కన్వర్ట్. వరస ఇది: -ఆటో-ఓరియెంట్, -రీసైజ్ 1920×1080^, -గ్రావిటీ సెంటర్, -ఎక్స్‌టెంట్ 1920×1080, -క్వాలిటీ 90. కమాండ్‌లో × గుర్తు బదులు ఇంగ్లిష్ చిన్న ఎక్స్ కొట్టాలి. ఆ ^ వదిలేస్తే 3:2 ఫొటోకి పక్కల పట్టీలు వస్తాయి. ఆటో-ఓరియెంట్ వదిలేసి మెటాడేటా తీసేస్తే నిలువు ఫొటోలు అడ్డంగా పడుకుంటాయి. ఫలితాలు వేరే ఫోల్డర్లోకి, అసలు ఫైళ్ల మీద రాయకండి.

టైమర్_మావయ్య
ఆ కుదించిన ఫోల్డర్‌నే స్క్రిప్టుకి చూపించండి. లాగిన్ తెరకి కూడా అదే బొమ్మ కావాలనిపిస్తే మాత్రం హోమ్ ఫోల్డర్ పాత్ ఇవ్వకండి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ అనుమతి 750 (యజమానికీ, అతని గ్రూపుకీ తప్ప బయటివాళ్లకి ప్రవేశం లేదు), లాగిన్ తెర నడిపే యూజర్ లోపలికి రాలేడు. లైట్‌డీఎం (లాగిన్ తెర చూపే ఒక ప్రోగ్రాం) వాడేవాళ్లు బొమ్మని /యూఎస్ఆర్/షేర్/బ్యాక్‌గ్రౌండ్స్‌లో పెట్టి 644 (అందరూ చదవచ్చు) ఇస్తే చాలు.

బొమ్మల_కొలువు
నా మాట మీదే నేనున్నాను: బొమ్మలు నెట్ నుంచి వచ్చేవాళ్లకి, నచ్చనివి ఏరిపారేసేవాళ్లకి వెరైటీ. సొంత ఫోల్డర్ ఒక్కటే, ఏరివేత ముందే అయిపోయింది అంటే టైమర్. చిలకలపూడి గారిది రెండో రకం కాబట్టి ఈ ఒక్క కేసులో మావయ్య గారిదే పైచేయి.

టైమర్_మావయ్య
"ఈ ఒక్క కేసులో" అట! నెట్ నుంచి దింపడానికి కూడా కర్ల్ కమాండ్ ఉంది సార్.