నాన్న పాత సైకిల్‌కి సైడ్‌కార్ కట్టాలి, ఫ్రేముకి వెల్డింగ్ పెట్టొచ్చా?

నల్లసైకిల్:
మా నాన్న సైకిల్ 28 అంగుళాల చక్రాలది, తీగల బదులు కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు. ఆయన పోయాక రెండేళ్లుగా గోడకి ఆనించే ఉంది. పోయిన నెల మొత్తం విప్పి, బేరింగులు మార్చి, గ్రీజు పెట్టి తొక్కాను. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. పెళ్లయిన కొత్తలో ఈ క్యారియర్ మీదే పక్కకి తిరిగి కూర్చుని ఎక్కడెక్కడికో వెళ్లేవాళ్లట. ఇప్పుడు ఆమెకి 71 ఏళ్లు, మోకాళ్లు సరిగ్గా వంగవు, క్యారియర్ ఎక్కలేదు. బరువు 46 కిలోలు. అందుకే పక్కన సైడ్‌కార్ కట్టాలని గట్టిగా అనుకున్నాను.

25 మి.మీ. స్క్వేర్ పైపుతో చట్రం, 12 మి.మీ. ప్లైవుడ్ నేల. మూడో చక్రానికి పాత సైకిల్ ముందు చక్రం ఒకటి ఉంది. వెల్డర్ ఏమో, ఫ్రేముకే రెండు పైపులు వెల్డింగ్ పెట్టేస్తే కదలదు అంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు. ఫ్రేము మీద బంగారు గీతలు ఇంకా చెరగలేదు. వెల్డింగ్ లేకుండా కుదురుతుందా? ఆ చక్రం సరిపోతుందా?

మూడోచక్రం:
వెల్డింగ్ వద్దు అన్నా, దయచేసి వద్దు. అందం కోసం మాత్రమే కాదు. ఆ కాలం ఫ్రేముల్లో పైపుల్ని లగ్గుల్లోకి (పైపులు కలిసే చోట ఉండే తొడుగులు) దూర్చి ఇత్తడి కరిగించి అతికించేవాళ్లు. దాని పక్కన ఆర్క్ వెల్డింగ్ పెడితే ఇత్తడి కరిగి అతుకు వదులవుతుంది, వెల్డింగ్‌లో ఇత్తడి కలిస్తే అక్కడే పగులు వస్తుంది. పైపు గోడ కూడా పలచన, కన్నం పడిపోతుంది.

నేను నా సైకిల్‌కి మూడు చోట్ల క్లాంపులతో (పైపుని చుట్టి బోల్టుతో పట్టే పట్టీలు) బిగించాను. ముందు వాలుగా దిగే పైపు కింది భాగంలో ఒకటి, వెనక ఇరుసు దగ్గర ఒకటి, ఈ రెండూ బరువు మోస్తాయి. మూడోది సీటు పైపుకి పైన, అక్కడినుంచి సైడ్‌కార్ చట్రానికి ఏటవాలుగా ఒక ఊతం. అది లేకపోతే సైకిల్ పక్కకి ఒరిగిపోతుంది. క్లాంపు రెండు ముక్కలుగా చేయించి లోపల పలచని తోలు పెట్టండి, పెయింటు పోదు. మందం రబ్బరు పెడితే క్లాంపు జారుతుంది. వెనక ఇరుసు పొడవుది వేయాల్సి వస్తుంది. పాత సైకిళ్లలో అది సాధారణంగా 3/8 అంగుళం, అంగుళానికి 26 మరలు. మిల్లీమీటర్ల నట్టు దానికి పట్టదు, బలవంతంగా తిప్పితే మరలు అరిగిపోతాయి.

వాహనాలు ఎడమ పక్కన నడిచే చోట సైడ్‌కార్ ఎడమకే. చైను కుడి పక్కన ఉంటుంది కాబట్టి దానితో పేచీ కూడా ఉండదు. పెడల్ పూర్తిగా తిరిగేటప్పుడు మీ పాదం చట్రానికి తగలకుండా చూసుకోండి. నేను ఇది మర్చిపోయి చట్రం మళ్లీ కోయించాను.

మూడో చక్రం వెనక చక్రానికి సరిగ్గా పక్కన కాకుండా కొంచెం ముందుకి ఉండాలి, నాది 15 సెం.మీ. ముందుకి ఉంది. మరీ ముందుకి జరిపితే హ్యాండిల్ బరువెక్కుతుంది. ఆ చక్రం ముందు భాగం సైకిల్ వైపు ఒక్క సెంటీమీటరు లోపలికి తిరిగి ఉండాలి. సైకిల్ రెండు చక్రాలకీ ఆనేలా ఒక పొడవాటి బద్ద, మూడో చక్రానికి ఇంకోటి పెట్టి, రెండింటి మధ్య దూరం ముందూ వెనకా కొలిస్తే తెలిసిపోతుంది.

చువ్వలపని:
చక్రం సంగతి నేను చెప్తాను, ఇరవై ఏళ్లుగా చక్రాలే కడుతున్నాను. మామూలు సైకిల్ మలుపులో ఒరుగుతుంది, అందుకే బరువు ఎప్పుడూ రిమ్ము నిలువునే దిగుతుంది. సైడ్‌కార్ చక్రం ఒరగదు. ప్రతి మలుపులోనూ పక్కనుంచి తోపు పడుతుంది, చువ్వలకి ఆ వైపు బలం తక్కువ. 28 అంగుళాల పాత చక్రం ఎనిమిది అంకెలా వంకరపోతుంది. 20 అంగుళాలది, 36 చువ్వలు, కొత్తగా బిగించినది వాడండి.

ఇంకో మాట. ముందు చక్రం ఇరుసు సన్నది, ఫోర్కు రెండు పక్కలా పట్టుకుంటుందని నమ్మి చేసినది. ఒక్క పక్కనే పట్టి వేలాడదీస్తే వంగుతుంది. చట్రాన్ని చక్రం బయటిదాకా తిప్పి రెండు వైపులా పట్టించండి. అది కుదరకపోతే వీల్‌చైర్ చక్రం వెతకండి, దాని ఇరుసు ఒక్క పక్క పట్టుకోసమే చేసి ఉంటుంది.

ధైర్యంగా కట్టండి. మయన్మార్‌లో సైకిల్ పక్కన రెండు సీట్లు వీపులు ఆనేలా కట్టి ఇద్దర్ని ఎక్కించుకుని తొక్కుతారు. దాన్ని సైక్కా అంటారు, సైడ్‌కార్ అన్న మాటే అలా మారింది.

నల్లసైకిల్:
ఇద్దరికీ చాలా థాంక్స్. వెల్డర్‌కి వద్దని చెప్పేశాను. ఒక చిక్కు వచ్చింది. సీటు ఎంత కిందికి ఉంటే అంత మంచిదని చదివాను. కానీ అమ్మ 45 సెం.మీ. కుర్చీలోంచే చేతులు ఊని లేస్తుంది.

మూడోచక్రం:
సీటు 40 దగ్గర పెట్టి, వెడల్పు పెంచండి. సైకిల్ మధ్య నుంచి మూడో చక్రానికి 85 సెం.మీ. ఉంటే నాకు ధైర్యంగా ఉంది. లేవడానికి చట్రానికే ఒక పట్టుకడ్డీ, అడుగు పెట్టడానికి చెక్క మెట్టు. ఆమె ఎక్కేటప్పుడు బండి దొర్లకూడదు, బ్రేకు పిడిని పాత ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కి కట్టేయండి. ఆమె బరువు మూడో చక్రం ఇరుసుకి వెనక పడకుండా సీటు అమర్చండి.

అమ్మని ఎక్కించేముందు రెండు వారాలు ఇసుక బస్తాలతో తొక్కండి. చేతులకి పాత అలవాటు పోవాలి. మలుపులో ఒంటిని వాల్చితే ఇది తిరగదు, హ్యాండిల్ తిప్పాల్సిందే. ఖాళీగా ఎడమకి తిరిగితే మూడో చక్రం గాల్లోకి లేస్తుంది. నాకు మొదటి రోజే లేచింది, గోడ పట్టుకుని ఆగాను. ఒంటరిగా వెళ్లినా సీట్లో 15 కిలోల బస్తా ఉంచండి. బ్రేకు వేస్తే బండి కుడికి లాగుతుంది. తడిసిన స్టీలు రిమ్ము మీద రాడ్ బ్రేకు సరిగ్గా పట్టదు, వాన రోజు తీయొద్దు.

నల్లసైకిల్:
ఐదు వారాలు పట్టింది. మొదట మూడో చక్రం రెండు సెంటీమీటర్లు లోపలికి తిరిగిపోయి టైరు గీసుకుపోతుంటే, బద్దలు పెట్టి 9 మి.మీ.కి సరిచేశాను. 50 కిలోల ఇసుకతో రోజూ పొద్దున్నే తిరిగాను.

నిన్న అమ్మ కూర్చుంది. పట్టుకడ్డీ తనే పట్టుకుని ఎక్కింది. 200 మీటర్లు వెళ్లి వచ్చాం. దారంతా కుడి చెయ్యి క్యారియర్ మీదే ఉంచింది, తీయలేదు. దిగాక చూస్తే సీటు పైపు క్లాంపు ఒక మి.మీ. జారింది. రేపు తోలు మార్చి, బోల్టులు మళ్లీ బిగించి, వీధి చివరిదాకా వెళ్తాం.