పాత బరోలో సీసా: ఎలా దాచాలి, ఎలా తెరవాలి?

తూరినో తెలుగు: 2010 పంట బరోలో (ఇటలీ ఎర్ర వైన్) రెండు సీసాలు కొన్నాను. ఒకటి వంటగది అల్మారాలో పెట్టాను, రెండోది బిల్డింగ్ కింద నేలమాళిగలో పడుకోబెట్టాను. మొన్న వంటగదిలోది తెరిచేసరికి కార్క్ కాస్త పైకి పొడుచుకొచ్చి ఉంది. వైన్‌లో ఉడికిన ఎండుద్రాక్ష వాసన, తాజాదనం ఏమీ లేదు. చాలా బాధేసింది. రెండోదైనా సరిగ్గా తాగాలి. ఏం చేయమంటారు?

నెబ్బియోలో ప్రేమికుడు: అది వేడి దెబ్బే. వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ని తోస్తుంది. 12–14 డిగ్రీలు, 70 శాతం దాకా తేమ, చీకటి ఉండాలి. ఏడాదంతా పెద్దగా మారని చల్లదనం అన్నిటికన్నా ముఖ్యం. బరోలో అమ్మకానికి రావాలంటేనే కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 చెక్క పీపాల్లో. అంత ఓపికగా చేసిన దాన్ని పొయ్యి పక్కన పెట్టకండి అన్నా.

మియాపూర్ మాధవి: హైదరాబాద్‌లో మే నెలలో మా ఇల్లు పొయ్యిలా ఉంటుంది, అందుకే చిన్న వైన్ కూలర్ కొన్నాను. మామూలు ఫ్రిజ్‌లో ఏళ్ల తరబడి ఉంచితే కార్క్ ఎండిపోతుంది. కరెంటు పోతే మాత్రం టెన్షనే, తలుపు అస్సలు తెరవను.

నెబ్బియోలో ప్రేమికుడు: తాగే ముందు రెండు రోజులు సీసాని నిలబెట్టండి. అడుగున మడ్డి చేరుతుంది. సీసా మెడ వెనక టార్చ్ పెట్టుకుని వేరే పాత్రలోకి మెల్లగా వంపండి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. తర్వాత మూడు గంటలు గాలి తగలనివ్వండి.

పాత సీసా: మూడు గంటలని ముందే లెక్క వేసుకోవద్దు తమ్ముడూ. నేను తెరిచిన ఒక 1996 పంట సీసా గంటన్నరకే వాసన కోల్పోయింది. మొదట ఒక గుక్క రుచి చూడండి. వగరు నాలుకని పట్టేస్తుంటే ఆగండి, మెత్తగా ఉంటే వెంటనే పోసుకోండి. కారం కూరతో వద్దు, వగరు ఇంకా పెరుగుతుంది.

తూరినో తెలుగు: నిన్న తెరిచాను. గ్లాసు అంచున ఇటుక రంగు. మొదటి గుక్కలో వగరు గట్టిగా ఉంటే గంట ఆగాను. అప్పుడు ఎండిన గులాబీ రేకులు, ఆ వెనకే కొత్తగా వేసిన తారు రోడ్డు వాసన. మిరియాలు తక్కువేసిన మటన్‌తో తాగాం. మా ఆవిడ చివరి గ్లాసు అరగంట సేపు వాసన చూస్తూనే కూర్చుంది. ఇంకో నాలుగు సీసాలు కొంటున్నాను, అన్నీ నేలమాళిగకే.