రెండేళ్ళ ఎక్స్‌రేలో తేడా లేదంటే మందు పనిచేసినట్టేనా?

కొత్తపేట_కుర్రాడు:
నాకు ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్, అదే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయే వాతం. ఇంజెక్షన్లు మొదలెట్టి రెండేళ్ళయింది, మొన్న గుంటూరులో ఎక్స్‌రే తీయిస్తే పాతదానికీ దీనికీ మార్పేం లేదన్నారు, ఇంట్లో ఒకటే సంబరం. నాకేమో డౌటు. సర్పాస్ అని ఒక ట్రయల్ గురించి చదివా, ఒక పక్క సెకుకినుమాబ్, ఇంకో పక్క అడాలిముమాబ్ బయోసిమిలర్ (అడాలిముమాబ్‌ని పోలేలా వేరే కంపెనీ చేసిన ఇంజెక్షన్), రెండేళ్ళయ్యాక చూస్తే ఏ గ్రూపులోనైనా నూటికి 66 మందికి అటూఇటూగా ఎక్స్‌రేలో పెరుగుదల లేదంట. అంటే రెండు మందులూ పనిచేసినట్టా, రెండూ చెయ్యనట్టా, అసలు ఎక్స్‌రేకే కనపడలేదా?

సూర్యారావుపేట_పీజీ:
మూడోదే అంటాను తమ్ముడూ. ట్రయల్స్‌లో వాడే లెక్క పేరు ఎంసాస్. మెడ, నడుము పక్క నుంచి తీసిన ఫిలిముల్లో పూసల ముందు మూలలు 24 చూస్తారు, ఒక్కోదానికి 0 నుంచి 3. మూల అరిగినా, గట్టిపడినా, చదునైనా 1, ఎముక ముల్లు మొలిస్తే 2, ముల్లు పక్క పూస దాకా పాకి వంతెన కట్టేస్తే 3. మొత్తం 72. జబ్బు సగటున ఏడాదికి ఒక్క మార్కు కదులుద్ది, అది కూడా కొందరికి చాలా, చాలామందికి ఏమీ ఉండదు. ఒకే ఫిలిం మీద ఇద్దరు డాక్టర్లకి ఒకటి రెండు మార్కులు తేడా రావటం మామూలే. మా మేడం ముల్లు అన్నదాన్ని నేను నీడ అనుకున్న రోజులున్నాయి 😅

బందరురోడ్డు_బాబాయ్:
అమ్మా, ఒక మనిషికైతే నువ్వన్నది కరెక్టే, ట్రయల్‌కి కాదు. ఎవరు ఏ మందు వాడారో చూసేవాళ్ళకి తెలీదు, ఇద్దరి మార్కులకి సగటు తీస్తారు, పైగా వందలమంది. మిర్చి యార్డులో ఒక టిక్కీ (బస్తా) తూకం అటూఇటూ అయినా లారీ మొత్తం మీద సర్దుకోదా? సర్పాస్‌లో అర మార్కు వరకు పెరిగినా పెరగనట్టే లెక్కేశారు, రెండు గ్రూపులకీ అదే కాటా. ఇంకేం కావాలి?

సూర్యారావుపేట_పీజీ:
సర్దుకుద్ది బాబాయ్ గారూ, టిక్కీలన్నీ కాటా ఎక్కితే. ఎంసాస్‌లో వీపు మధ్య భాగం పూసలు లేనే లేవు, వెనక చిన్న కీళ్ళూ లేవు. లో-డోస్ సీటీలో, అంటే తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్‌లో చూస్తే కొత్త ముళ్ళు ఎక్కువ దొరికేది ఆ వీపు భాగంలోనే.

బందరురోడ్డు_బాబాయ్:
సీటీ ఖర్చు, రేడియేషనూ ఎవరు భరిస్తారు, పాత ట్రయల్స్ అన్నీ ఎక్స్‌రే మీదే ఉన్నాయి, వాటితో దేన్ని పోలుస్తావు?

పట్నంబజార్_అక్క:
ఆ పోలిక గొడవ గురించే చెప్తా. రెండేళ్ళు మందు ఇవ్వకుండా నొప్పితో కూర్చోబెట్టటం తప్పు కాబట్టి సర్పాస్‌లో ఉత్త సూది గ్రూపు లేదు, అందుకని ఆ 66 మందిలో మందు లేకపోయినా ఆగేవాళ్ళెందరో ఎవరూ చెప్పలేరు. అంతకుముందు టీఎన్ఎఫ్ మందుల్ని (అడాలిముమాబ్ ఆ రకమే) యూరప్‌లో మందు వాడని పాత పేషెంట్ల ఫిలిములతో పోల్చారు, రెండేళ్ళలో తేడా కనపళ్ళేదు. 2013లో ఎక్కువ ఏళ్ళు వెంటపడి చూసినవాళ్ళకి మాత్రం టీఎన్ఎఫ్ మందు వాడినవాళ్ళలో జబ్బు ముదిరే అవకాశం సగం తగ్గినట్టు కనపడింది, ముందుగా మొదలెట్టినవాళ్ళకి ఇంకా మేలు. నాకైతే కాటా కన్నా గడువు మీదే అనుమానం. సిగరెట్ తాగేవాళ్ళకి, సీఆర్పీ (ఒంట్లో వాపుని చూపే రక్త పరీక్ష) ఎక్కువున్నవాళ్ళకి, ముందే ముళ్ళున్నవాళ్ళకి త్వరగా ముదురుద్ది, అది కూడా చూసుకో తమ్ముడూ.

బందరురోడ్డు_బాబాయ్:
నాలుగేళ్ళ ట్రయల్‌కి డబ్బు పెట్టేదెవరమ్మా. ఆ కాటాతోనే ఇంకో పదేళ్ళు నడుస్తది చూడండి.

సూర్యారావుపేట_పీజీ:
అది మాత్రం ఒప్పుకుంటా 🙏 తమ్ముడూ, ఇంతకీ నీకు మార్పు లేదన్నవాళ్ళు రెండు ఫిలిములూ పక్కపక్కన పెట్టి చూశారా?

కొత్తపేట_కుర్రాడు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా అక్కా. కొత్త ఫిలిం పక్కన పాత రిపోర్టు కాయితం పెట్టి చూశారంట. పాత ఫిలిం మా అటక మీద బియ్యం డబ్బా వెనక ఉంది, సాయంత్రం దించుతా.