బూటింగ్‌లో రెయిడ్ అర్రే: ఆలస్యంగా వచ్చే డిస్క్ కోసం ఎంతసేపు ఆగాలి?

ప్రశ్న: లినక్స్ సర్వర్‌లో డేటా కోసం రెండు డిస్కుల రెయిడ్ 1 (ఒకే డేటాను రెండు డిస్కుల మీదా రాసే అర్రే) పెట్టుకున్నాను. కంట్రోలర్ రెండో డిస్కును ఆలస్యంగా చూపిస్తున్నందున అర్రే ఒక్కోసారి ఒంటి డిస్కుతోనే లేస్తోంది. డిస్క్ కనబడినప్పుడల్లా యూడెవ్ (కొత్త పరికరాలను గమనించే లినక్స్ సేవ) ఎండీఆడ్మ్‌ను (mdadm, రెయిడ్‌ను నడిపే సాధనం) ఇంక్రిమెంటల్ పద్ధతిలో, అంటే వచ్చిన డిస్కును వచ్చినట్టే చేర్చేలా, పిలవడం మేలా, అన్నీ వచ్చాక ఒకేసారి స్కాన్ చేయడం మేలా?

మొదటి సమాధానం: ఒకేసారి స్కాన్ చేయడమే మేలు. యూడెవ్ సెటిల్ అయ్యేదాకా (చేతిలో ఉన్న పని ముగించేదాకా) ఆగి అర్రేను అసెంబుల్ చేస్తే, అంటే డిస్కులను కూర్చితే, ఏం జరిగిందో స్పష్టంగా తెలుస్తుంది.

రెండో సమాధానం: దీనితో నేను ఏకీభవించలేను. సెటిల్ అన్నది అప్పటికే వరుసలో ఉన్న ఈవెంట్లు (పరికరం వచ్చిందని కెర్నెల్ పంపే కబుర్లు) పూర్తయ్యేదాకా మాత్రమే ఆగుతుంది. కెర్నెల్ ఇంకా గుర్తించని డిస్కుకు ఈవెంటే పుట్టలేదు కనుక దాని కోసం ఆగడమంటూ ఉండదు. ఇంక్రిమెంటల్ పద్ధతిలోనైతే ఉండాల్సిన డిస్కులన్నీ చేరినప్పుడే అర్రే మొదలవుతుంది, ఉన్నవాటితోనే మొదలెట్టమనే రన్ ఆప్షన్ ఇస్తే తప్ప. అయితే నిజంగా చచ్చిపోయిన డిస్క్ ఎన్నటికీ రాదు కాబట్టి, సిస్టమ్‌డీ (బూటింగ్‌లో సేవలను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉన్నచోట లాస్ట్ రిసార్ట్ టైమర్ 30 సెకన్లు చూసి, ఉన్నవాటితోనే అర్రేను నడిపిస్తుంది. మీ రెండో డిస్క్ ఆ తర్వాత వస్తోందన్నది నా అనుమానం. ఈలోగా అర్రే మీద రాతలు జరిగితే ఆ డిస్కు సూపర్‌బ్లాక్‌లోని (డిస్కు మీదే ఉండే అర్రే వివరాల్లోని) ఈవెంట్ కౌంట్, అంటే అర్రేలో మార్పుల లెక్క, వెనకబడి, అది పాతబడిన ప్రతిగా మిగులుతుంది. ఇంకోసారి ఆ పాత ప్రతి ఒక్కటే సమయానికి కనబడి లేచిందా, రెండు డిస్కులూ రెండు వేర్వేరు చరిత్రలు రాసుకుంటాయి. ఒక్క డిస్క్ పోవడం కన్నా అది నాకు భయంకరం.

మొదటివారు: అలాగైతే టైమర్‌నే తీసేయాలి కదా?

రెండోవారు: వద్దు. మనిషి పక్కన లేని సర్వర్‌లో ఒక డిస్క్ పోయినందుకు డేటా మొత్తం అందకుండా పోతే రెయిడ్ పెట్టుకున్న ప్రయోజనమేముంది? గడువును పెంచండి. ఆ టైమర్ సెట్టింగ్‌ను మార్చే డ్రాప్-ఇన్ ఫైల్‌లో ముందు ఆన్ యాక్టివ్ సెక్ (OnActiveSec, గడువు) విలువను ఖాళీగా ఒకసారి రాసి, కింది వరుసలో 90 సెకన్లు ఇవ్వాలి; లేకుంటే పాత 30 కూడా అమల్లోనే ఉండి, అదే ముందు మోగుతుంది. బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుంచుకునే పట్టిక) లేకపోతే పెట్టుకోండి: ఆలస్యంగా వచ్చిన డిస్కును రీ-యాడ్ చేసినప్పుడు (అర్రేలో తిరిగి చేర్చినప్పుడు) మారిన భాగాలే సింక్ అవుతాయి.

ప్రశ్న వేసినవారు: లాగ్ చూశాను. రెండో డిస్క్ 41వ సెకనుకు వచ్చింది. 90 పెట్టాను.