అమ్మ పారా హిఫ్జ్: నలుగురం ఉన్నం, ఎవరిది ఎవరు వినాలె?

కాజీపేట:
అస్సలాము అలైకుం. నలుగురం కలిసి అమ్మ పారా (ఖురాన్ల ఆఖరి, 30వ భాగం) హిఫ్జ్, అంటే కంఠస్థం, మొదలువెట్టినం. ముగ్గురం ఇక్కడే, ఒకాయనకు భూపాలపల్లి గనిల షిఫ్టు డ్యూటీ. వాట్సాప్‌ల రోజూ అందరు "అయింది" అని పెడుతున్నరు. చదవమంటే మాత్రం సూరా (అధ్యాయం) పూర్తిగ ఎవ్వరికీ వస్తలేదు. రోజుకు ఎంత పెట్టుకోవాలె?

మండీబజార్:
వఅలైకుం సలాం. "అయింది" లెక్క కాదు భాయ్, ఫోన్‌లో చూడకుండా వినిపిస్తేనే లెక్క. ఇద్దరిద్దరు జతకట్టండి. జతలు నెలకోసారి మార్చండి, లేకపోతే ఒకే తప్పుకు చెవి అలవాటు పడుతుంది.

పేజీకి 15 లైన్ల ముస్‌హఫ్ (అరబ్బీ ఖురాన్ ప్రతి) అయితే రోజుకు 3 లైన్ల సబఖ్ (కొత్త పాఠం) చాలు. శుక్రవారం కొత్తది వద్దు. ఈ లెక్కన పారాకు సుమారు 5 నెలలు. నలుగురి దగ్గరా ఒకే ముద్రణ ఉండాలి, ఆయత్ (సూరాలోని వాక్యం) పేజీలో ఎక్కడుందో కంటికి గుర్తుంటుంది.

వినేటప్పుడు ముందు పాతది, తర్వాత గత వారంది, చివర కొత్తది. చాలామంది తలకిందులు చేస్తారు, టైం చాలక పాతదే పోతుంది. ఆగిన చోట వెంటనే అందించొద్దు, వెనక ఆయత్ నుంచి మళ్లీ ఎత్తుకోమనండి. 2 తప్పులు దాటితే మర్నాడూ అదే సబఖ్.

కరీంనగర్:
నైట్ షిఫ్టు వారంలో ఆయనకు కొత్త సబఖ్ ఆపి పాతదే తిప్పించండి. వాయిస్ మెసేజ్‌ను నమ్మొద్దు: చూసి చదవొచ్చు, నాలుగుసార్లు చదివి మంచిది పంపొచ్చు. తప్పదంటే ఎక్కడి నుంచి చదవాలో ఆయత్ మీరు చెప్పండి, 2 నిమిషాల్లో వాయిస్ రావాలి.

తక్వీర్ సూరా 14, ఇన్‌ఫితార్ సూరా 5 ఆయత్‌లు రెండూ "అలిమత్ నఫ్సుమ్ మా" అనే మొదలవుతాయి. మొదటిదాంట్లో "అహ్‌దరత్", రెండోదాంట్లో "ఖద్దమత్ వ అఖ్ఖరత్". తక్వీర్ చదువుతూ ఇన్‌ఫితార్‌లోకి జారిపోతారు. ఈ రెండూ ఒకే రోజు పక్కపక్కన చదివించండి.

జనగామ:
తెలుగు లిపి చూసి మాత్రం హిఫ్జ్ చేయకండి. ఇఖ్లాస్ సూరా మొదటి ఆయత్‌లో "హువ"ది ఒక హ, "అహద్"ది ఇంకో హ. తెలుగులో రెండూ ఒకటే. మరిచిన మాటను జతవాళ్లు పట్టుకుంటారు గానీ మఖ్రజ్ (అక్షరం పలికే చోటు) తప్పును పట్టుకోలేరు. కంఠస్థానికి ముందే ఆ వారం సబఖ్‌లన్నీ చూసి చదివి, ఖురాన్ మొత్తం కంఠస్థమైన హాఫిజ్ సాబ్‌తో దిద్దించుకోండి. తప్పు పలుకు ఒకసారి నాటుకుంటే తీయడం కొత్త పాఠం కన్నా కష్టం. ఇంట్లో వినడానికి ఖురాన్ పఠనానికి పేరున్న షేఖ్ హుసరీ నిదానం రికార్డింగ్ బాగుంటుంది.

కాజీపేట:
ఎవరన్న రెండ్రోజులు ఫోన్ ఎత్తకుంటే? ఫైన్ పెట్టాల్నా?

మండీబజార్:
ఫైన్ వద్దు, పైసలు కట్టి చేతులు దులుపుకుంటారు. మూడో రోజు ఇషా (రాత్రి నమాజ్) తర్వాత మసీదులో పట్టుకుని, పాత సూరా ఒక్కటే వినండి. కొత్తది అడగకండి.