ఫిజాక్ నుంచి కాఓర్‌కి సెలే లోయ మీదుగా మౌంటెన్ బైక్: మూడు రోజులు సరిపోతాయా?

తూలూజ్_తెలుగోడు

అందరికీ నమస్తే. మేమిద్దరం నైరుతి ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఉంటాం. అక్టోబరు మొదటి వారంలో మూడు రోజులు ఖాళీ. రైల్లో ఫిజాక్ వెళ్ళి, సెలే నది వెంబడి కిందికొచ్చి, అది ‘లో’ అనే పెద్ద నదిలో కలిసే చోటు దాటి, కాఓర్‌లో మళ్ళీ రైలెక్కాలని ఆలోచన. ఆదిమానవుల బొమ్మలున్న పెష్ మెర్ల్ గుహ, కొండ మీది పాత ఊరు సెన్-సిర్క్-లపొపి మాత్రం వదలం.

బళ్ళు రెండూ హార్డ్‌టెయిళ్ళే, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్. 29 అంగుళాల చక్రాలు, 120 మి.మీ. ఫోర్కు, 2.25 టైర్లు, లోపల ట్యూబులు. టెంటు లేదు, రాత్రిళ్ళు జీట్‌లలో (నడిచేవాళ్ళు దిగే చిన్న బసలు). ఒక్కొక్కరికి ఆరు కిలోల సామాను. వికారాబాద్ అడవి బాటలు, ఇక్కడ చుట్టుపక్కల మట్టి దారులు అలవాటే గానీ సున్నపురాయి నేల మీద తొక్కలేదు.

అడగాల్సినవి ఇవి. జీఆర్ అనే దూర నడక దారుల్లో, సాంతియాగో యాత్రికులు నడిచే అసలు జీఆర్ 65 మంచిదా, సెలే లోయలోని జీఆర్ 651 మంచిదా? ఆ దారుల్లో సైకిలు తొక్కనిస్తారా? ట్యూబులతో నెట్టుకురావచ్చా? మా ఇద్దరిలో ఒకరు శాకాహారి, తిండి సంగతేంటి?

కోస్_బాట

651కే వెళ్ళండి. 65 ఫిజాక్ నుంచి లిమోన్ మీదుగా పీఠభూమి మీదే పోతుంది. తొక్కడానికి తేలికే గానీ సంచులు మోసుకుంటూ నడిచేవాళ్ళు అడుగడుగునా ఎదురవుతారు, పైగా మీరు చూడాలనుకున్న రెండూ ఆ దారిలో లేవు. 651 బెదుయే దగ్గర 65 నుంచి విడిపోయి, బుజియెస్ దగ్గర లో నదిని తాకుతుంది.

ఇక్కడి నేల తీరు తెలిస్తే ప్లాను దానంతటదే తేలుతుంది. నది 130–200 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పైన కోస్ అనే సున్నపురాయి పీఠభూమి 300–380 మీటర్లు. జీఆర్ ప్రతి ఊరి నుంచీ పైకి ఎక్కి, కాసేపు పైన తిరిగి, తర్వాతి ఊళ్ళోకి నిట్టనిలువునా దిగుతుంది. ఒక్కో ఎక్కుడు 150 మీటర్లే కదా అనిపిస్తుంది. కానీ అది విడిరాళ్ళ మీద, సామానుతో, రోజుకి నాలుగైదు సార్లు. పైన గంటకి 8–9 కి.మీ. దాటడం కష్టం. జీఆర్ మొత్తం వదలకుండా తొక్కాలనుకుంటే మూడు రోజులు చాలవు, సగం దూరం బండి మోయడమే అవుతుంది.

లోయ అడుగున నది పక్కనే డి-41 రోడ్డు ఉంది, వాహనాలు తక్కువ. దాన్ని వెన్నెముకగా పెట్టుకుని, బాగున్న ముక్కల కోసమే కోస్ ఎక్కండి. అలసిపోతే, వానొస్తే, బండి చెడితే ఏ ఊళ్ళోనైనా రోడ్డు మీదకి దిగిపోవచ్చు.

మొదటి రోజు ఫిజాక్ నుంచి మార్సిలాక్, సుమారు 45 కి.మీ. బయలుదేరే ముందు ఓ గంట ఊరు చూడండి. ఈజిప్టు చిత్రలిపిని ఛేదించిన షాంపొలియోన్ పుట్టింది ఇక్కడే, 1790లో. ఆయన ఇంటి వెనక చిన్న పెరడులాంటి చోట నేలంతా పరిచినట్టు, ఆ లిపిని చదవడానికి ఆధారమైన రొసెట్టా రాయి నకలు ఉంటుంది, జోసెఫ్ కొసుత్ 1991లో చేసింది. తర్వాత కార్న్ దాటి ఎస్పాన్యాక్‌లో ఆగండి. 13వ శతాబ్దపు సన్యాసినుల మఠం, దాని మీద కలప, ఇటుకలతో కట్టిన విచిత్రమైన గంటస్తంభం. అక్కణ్ణుంచి బ్రాంగ్ వైపు వెళ్ళేటప్పుడు కొండ ముఖం చూస్తూ వెళ్ళండి. బండసందుల్లో గోడలు, కిటికీలు కనిపిస్తాయి. స్థానికులు వాటిని ఇంగ్లీషువాళ్ళ కోటలంటారు, ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య జరిగిన నూరేళ్ళ యుద్ధం నాటి పేరు.

మార్సిలాక్‌లో బెనెడిక్టైన్ క్రైస్తవ సన్యాసుల మఠం సగం కూలి, సగం నిలబడి ఉంది. పైకప్పు లేని నడవలోంచి నడిచి, ఇంకా ప్రార్థనలు జరిగే చర్చిలోకి అడుగుపెడతారు. నా లెక్కన మొత్తం లోయలో ఇదే అన్నిటికంటే మంచి చోటు, సెన్-సిర్క్ కంటే కూడా.

రెండో రోజు దూరం తక్కువే పెట్టుకోండి, 30 కి.మీ. లోపు. గుహకి సగం రోజు పోతుంది. మూడో రోజు బుజియెస్ నుంచి వేర్ మీదుగా కాఓర్, సుమారు 35 కి.మీ. వేర్ దగ్గర కొండని తొలిచి రోమన్లు కాఓర్‌కి నీళ్ళు తీసుకెళ్ళిన కాలువ ఆనవాళ్ళు ఉన్నాయి.

తొక్కనిస్తారా అంటే: జీఆర్ అన్నది నడిచేవాళ్ళ కోసం వేసిన గుర్తు, దానంతట అది సైకిలుకి నిషేధం కాదు. అడుగున ఉన్నది ఊరుమ్మడి దారైతే మామూలుగా వెళ్ళొచ్చు. ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో సైకిలు బొమ్మ ఉంటే మాత్రం దిగాల్సిందే. నడిచేవాళ్ళకి ఎప్పుడూ దారివ్వాలి. తెలుపు-ఎరుపు గీతలు జీఆర్ గుర్తు, అవే రంగులు ఇంటూ ఆకారంలో ఉంటే దారి తప్పారని అర్థం. త్రిభుజం, పక్కన రెండు చక్రాలు ఉంటే అది మౌంటెన్ బైకు దారి. ఓక్ చెట్లు వరసలుగా నాటి, కింద గడ్డి మొలవని తోట కనిపిస్తే అది ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) తోట, అడ్డదారి అని అందులోకి దూరకండి. గొర్రెల కంచె గేటు మూసి ఉంటే దాటాక మళ్ళీ మూయండి.

చైన్_లింకు

దారి గురించి పైన చెప్పిందానికి సరే. ట్యూబులకి మాత్రం గట్టిగా వద్దంటాను.

కోస్ రాయి గుండ్రంగా ఉండదు, పలకలుగా విరుగుతుంది, అంచు కత్తిలా ఉంటుంది. దానికి తోడు దారి పొడుగునా ముళ్ళ పొదలు. ట్యూబు పెట్టి గాలి తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి రెండు చిల్లులు పడతాయి. ఎక్కువ కొడితే విడిరాళ్ళ మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది, పట్టు ఉండదు. మధ్యస్థంగా కొట్టినా ముళ్ళ బాధ తప్పదు. ట్యూబ్‌లెస్‌కి మారండి, అంటే ట్యూబు తీసేసి, చిల్లుల్ని లోపల్నుంచే మూసే సీలెంట్ ద్రవం టైర్లో పోయడం. వీలైతే వెనక టైరు పక్కగోడ దళసరిగా ఉన్నది 2.35 లేదా 2.4 వేయండి, ఫ్రేములో రెండు పక్కలా కనీసం 6 మి.మీ. ఖాళీ ఉందో లేదో ముందు చూసుకుని.

బయలుదేరే ముందురోజు కాదు, వారం ముందే చేయండి. రిమ్ లోపల ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. స్పోకు రంధ్రాలు మూసే టేపు వెడల్పు రిమ్ లోపలి వెడల్పు కంటే 2–4 మి.మీ. ఎక్కువుండాలి. గట్టిగా లాగుతూ అంటించి, ట్యూబు వేసి గాలి కొట్టి ఒక రాత్రి వదిలేస్తే టేపు బుడగల్లేకుండా అతుక్కుంటుంది. తర్వాత వాల్వు పెట్టి, టైరు అంచుకి సబ్బునీళ్ళు రాసి, వాల్వు కోర్ (లోపల గాలిని ఆపే చిన్న ముక్క) తీసేసి గాలి ఒక్కసారిగా పంపండి. టప్ టప్‌మని రెండు వైపులా అంచు కూర్చున్న శబ్దం రావాలి. టైరు మీద రాసిన గరిష్ఠ పీడనం మాత్రం దాటొద్దు. గాలి వదిలి, కోర్ రంధ్రంలోంచి ఒక్కో టైరుకి 100–110 మి.లీ. సీలెంట్ పోసి, కోర్ బిగించి, మళ్ళీ గాలి కొట్టి, చక్రాన్ని ఒక్కో పక్కకి పావుగంట చొప్పున పడుకోబెట్టండి. రాత్రికి రాత్రి గాలి దిగితే ఎక్కువసార్లు తప్పు టేపుదే. మరో 50 మి.లీ. పోస్తే ఆ తప్పు సర్దుకోదు.

75 కిలోల మనిషి, ఆరు కిలోల సామాను అనుకుంటే ముందు 1.5 బార్, వెనక 1.7 నుంచి మొదలుపెట్టండి. రిమ్ రాయికి తగిలిన శబ్దం వస్తే 0.1 పెంచండి. వాన పడితే 0.1 తగ్గించండి. తడిసిన సున్నపురాయి మీద, ముఖ్యంగా నాచున్న చోట, ఏ టైరూ పట్టదు. అక్కడ ముందు బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దొర్లించాలి, లేదా దిగి నడవాలి.

సంచిలో ఇవి ఉండాలి: టైరు చిల్లుల్లో దూర్చే ప్లగ్గులు, రెండు ట్యూబులు (ఇద్దరికీ ఒకే సైజు కదా), పాత టైరు ముక్క, సూదీ గట్టి దారమూ, చేతిపంపు, చైను జోడించే లింకు, చిన్న పటకారు, ఎవరి బండికి వాళ్ళ డీరైలర్ హ్యాంగర్ (వెనక గేరు యంత్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క). హ్యాంగర్ మోడల్‌కో ఆకారంలో ఉంటుంది, పల్లె షాపులో దొరకదు. అది విరిగితే మీ ప్రయాణం అక్కడితో ముగిసినట్టే. బ్రేకు ప్యాడ్లలో అరిగే పొర ఒక మిల్లీమీటరు దగ్గరికొస్తే మార్చేసి వెళ్ళండి, దిగుడు దారులు పొట్టివే గానీ బాగా ఏటవాలు.

చాలామంది దారిలో ఇరుక్కునేది ఎక్కడంటే, పక్కగోడ కోసుకుపోయి ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు. మొదట వాల్వు నట్టు సీలెంట్‌తో బిగుసుకుని చేత్తో రాదు, పటకారు అందుకే. తర్వాత, ఇన్నాళ్ళూ సీలెంట్ మూసేసిన ముళ్ళన్నీ టైరు లోపలికి పొడుచుకునే ఉంటాయి. చేతికి పాత గుడ్డ చుట్టుకుని లోపలంతా నిదానంగా తడిమి, ఒక్కొక్కటీ పటకారుతో బయటికి లాగితేనే ట్యూబు నిలుస్తుంది. లేకపోతే రెండు ట్యూబులూ పది నిమిషాల్లో అయిపోతాయి.

తూలూజ్_తెలుగోడు

ఇద్దరికీ థాంక్స్ అన్నా. ట్యూబ్‌లెస్ ఖాయం. ఫ్రేములో 2.35 దాకా పడుతుంది. గుహకి టికెట్ అక్కడే దొరుకుతుందా? సెన్-సిర్క్ దగ్గర రాతిలో తొలిచిన బాట మీద సైకిలు తొక్కొచ్చా?

రైలుపెట్టె

గుహ టికెట్ అక్కడికెళ్ళి చూద్దాంలే అనుకోవద్దు. పెష్ మెర్ల్‌లోకి రోజుకి 700 మందినే పంపుతారు. బొమ్మల గుహగా పేరున్న లాస్కోలో మీరు చూసేది నకలు, ఇక్కడ చూసేది అసలు గోడ. చుక్కల గుర్రాలు సుమారు 29 వేల ఏళ్ళ నాటివి. గుహని 1922లో కుర్రాళ్ళు కనిపెట్టారు. ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోండి, కానీ మధ్యాహ్నానికి. మార్సిలాక్ నుంచి ఉదయం తొమ్మిదికి బయలుదేరి పదకొండింటికల్లా చేరతామనుకుంటే ఆ లెక్క తప్పుతుంది. గుహ కాబ్రెరే ఊళ్ళో ఉండదు, ఊరి పైన కొండ మీద ఉంటుంది, ఆ ఎక్కుడికి అరగంట వేసుకోండి. లోపల 12 డిగ్రీలు. చెమట బనీనుతో దిగితే వణుకే, పొడి చొక్కా విడిగా ఉంచుకోండి. ఫొటోలు తీయనివ్వరు.

అక్టోబరు అంటే వేట కాలం. మామూలుగా సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరి చివరిదాకా ఉంటుంది, ఆదివారాలు జోరు ఎక్కువ. బాట మొదట్లో ‘షాస్ ఆన్ కూర్’ (వేట జరుగుతోంది) అని బోర్డు కనిపిస్తే ఆ ముక్క వదిలేసి డి-41 మీదకి దిగండి. మెరిసే పసుపు లేదా నారింజ చొక్కా వేసుకునే తిరగండి, గోధుమరంగు జాకెట్లు ఇంట్లో పెట్టేయండి.

తిండి: హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకానే వడ్డిస్తారు. రెండింటికెళ్తే వంటిల్లు మూసేసి ఉంటుంది. కొట్లు కూడా మధ్యాహ్నం మూత, ఆదివారం సాయంత్రం, సోమవారం చాలా చోట్ల అసలు తెరవరు. శనివారం బయలుదేరగలిగితే ఫిజాక్ సంతలో రొట్టె, రొకామదూర్ మేక చీజు, వాల్‌నట్లు కొనుక్కోవచ్చు. మొదటి పూటకి ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే ఇంకా నయం. జీట్‌లో రాత్రి భోజనం అందరికీ ఒకటే వండుతారు, కాబట్టి శాకాహారమని బుక్ చేసేటప్పుడే చెప్పండి. చేప, కోడి కూడా వద్దని విడమరిచి చెప్పాలి.

కోస్ మీద వాగులుండవు, నీళ్ళన్నీ రాతి పగుళ్ళలోకి ఇంకిపోతాయి. బండలో తొలిచిన చిన్న గుంటలు కనిపిస్తాయి, ఆ నీళ్ళు పశువులకి. మనిషికి రెండున్నర లీటర్లు మోయండి. ఊళ్ళో కొళాయి కనపడకపోతే శ్మశానం గేటు దగ్గర చూడండి, దాదాపు ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ‘నాన్ పొతాబ్ల్’ అని రాసి ఉంటే తాగొద్దు.

లో నది పక్కన రాతిలో తొలిచిన బాట 1840ల్లో పడవల్ని తాళ్ళతో లాగేవాళ్ళ కోసం చెక్కింది. బుజియెస్ నుంచి నడిచేవాళ్ళతో నిండి ఉంటుంది, పైన బండ తలకి తగిలేంత కిందికి వంగి ఉంటుంది, పక్కన రెయిలింగు లేదు. తొక్కకండి, నడిపించండి. గోడ మీద మీ తూలూజ్ శిల్పి డానియల్ మొనియె చెక్కిన చేపలు, గవ్వలు నడిస్తేనే కనిపిస్తాయి కూడా. రాళ్ళు పడితే ఆ బాట మూసేస్తారు, అప్పుడు రోడ్డే గతి.

రైలు: తూలూజ్–ఫిజాక్ రీజినల్ రైల్లో సైకిల్ కొక్కేలు కొన్నే ఉంటాయి, మీరు ఎక్కే రైలుకి సైకిల్ రిజర్వేషన్ కావాలో లేదో ముందే చూడండి. పట్టాల పనుల వల్ల రైలు బదులు బస్సు వేసే రోజులుంటాయి, బస్సువాడు సైకిల్ ఎక్కించుకుంటాడన్న భరోసా లేదు. టైంటేబుల్‌లో రైలు గుర్తు ఉందా బస్సు గుర్తు ఉందా అన్నది రెండు వైపులకీ చూసుకోండి.

కోస్_బాట

ఒక్కటి చేరుస్తాను. మూడో రోజు వాన సూచన ఉంటే బుజియెస్ నుంచి పైకి ఎక్కకుండా లోయ రోడ్డు మీదే కాఓర్ వెళ్ళిపోండి. మిగిలిన టైములో వాలాంత్రే వంతెన తీరిగ్గా చూడొచ్చు. 1308లో మొదలుపెట్టి 1378కి పూర్తిచేశారు, మూడు బురుజులు. నడి బురుజు మీద ఓ మూలన రాయి పీకుతున్న బుల్లి దయ్యం బొమ్మ ఉంటుంది, 1879 మరమ్మతుల్లో పెట్టింది. స్టేషన్ వంతెన నుంచి దగ్గరే, రైలుకి అరగంట ముందు కదిలితే చాలు.